కంపెనీ ఇచ్చిన స్మార్ట్ బనియన్, వాచీ: మన గుండె లెక్కలు ఎవరి చేతిలో ఉండాలి?

ప్రశ్న: నేను విశాఖపట్నం దగ్గరి ఒక మందుల కర్మాగారంలో ఆపరేటర్‌గా చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. కిందటి వేసవిలో మా బ్లాకులో ఇద్దరు వేడికి సొమ్మసిల్లి పడిపోయారు. ఆ తర్వాత యాజమాన్యం మాకు గుండె వేగం, ఒంటి వేడి కొలిచే స్మార్ట్ బనియన్లు ఇచ్చింది. వాటితోపాటు తలా ఒక వాచీ ఇచ్చి, ఇంటి దగ్గర కూడా పెట్టుకుంటే గ్రూప్ ఇన్సూరెన్స్‌లో రాయితీ వస్తుందని చెప్పారు. ఇంగ్లీషులో ఉన్న ఒక ఫారం మీద సంతకాలు తీసుకున్నారు. మొన్న సూపర్‌వైజర్ నన్ను పిలిచి, "నీకు రాత్రిళ్లు నిద్ర సరిగా ఉండడం లేదని సిస్టమ్‌లో కనిపిస్తోంది, నిన్ను నైట్ షిఫ్ట్ నుంచి తప్పిస్తున్నాం" అన్నాడు. దాంతో నైట్ అలవెన్స్ పోయింది. ఇంట్లో నేను నిద్రపోయిందీ లేనిదీ కంపెనీకి తెలియడం న్యాయమేనా? వీటిని వేసుకోనని చెప్పవచ్చా? నా వివరాలు చూపించమని, తీసేయమని అడగవచ్చా? అమెరికాలో ఉన్న మా బావమరిది, సర్వర్లు అక్కడే ఉంటాయి కాబట్టి అక్కడి ఆరోగ్య సమాచార చట్టం మనల్ని కాపాడుతుందని అంటున్నాడు. మా అమ్మాయికి కూడా ఒక స్మార్ట్ వాచీ కొన్నాం. దాని సంగతి కూడా చెప్పగలరు.

సమాధానం: బనియన్, వాచీ రెండూ మీకు ఒకే రోజు, ఒకే సంతకంతో అందినా, చట్టం దృష్టిలో అవి రెండు వేర్వేరు విషయాలు. వాటిని విడదీసి చూస్తే మీ ప్రశ్నల్లో సగానికి పైగా జవాబు దొరుకుతుంది. రియాక్టర్ల పక్కన, ఆవిరి లైన్ల కింద పనిచేసే మనిషికి వడదెబ్బ తగలకుండా చూడడం యాజమాన్యం బాధ్యత. ఆ పని కోసం షిఫ్ట్ సమయంలో గుండె వేగాన్ని, చర్మం వేడిని కొలిచే బట్టను ఇవ్వడాన్ని నేను తప్పుపట్టను. ఇద్దరు పడిపోయిన చోట దాన్ని వద్దనమని మీకు సలహా కూడా ఇవ్వను. గేటు దాటి ఇంటికి వెళ్లిన తర్వాత మీ నిద్రను లెక్కగట్టే వాచీకి మాత్రం ఆ కారణం వర్తించదు. ఆ లెక్క చూసి మీ షిఫ్ట్ మార్చడం, దానివల్ల మీ రాబడి తగ్గడం మరింత పెద్ద విషయం.

ముందుగా ఆ బనియన్ ఎలా పనిచేస్తుందో చూద్దాం. ఇలాంటి బట్టల్లో ఛాతీ కింది భాగంలో, ఒంటికి బిగుతుగా ఆనుకునేలా, వెండి పూత పూసిన నూలుతో నేసిన పట్టీలు ఉంటాయి. గుండె కొట్టుకున్నప్పుడల్లా పుట్టే సన్నని విద్యుత్ సంకేతాన్ని అవి పట్టుకుంటాయి. పక్కన బొత్తాంలా తగిలించి, ఉతికేటప్పుడు తీసేసే చిన్న పెట్టెలో అసలు యంత్రం ఉంటుంది. అది సంకేతాన్ని అంకెలుగా మార్చి, బ్లూటూత్ ద్వారా దగ్గరలోని ఫోనుకో, గోడకు బిగించిన రిసీవర్‌కో పంపుతుంది. అక్కడి నుంచి అది ఆ బనియన్ తయారుచేసిన కంపెనీ సర్వర్‌కు చేరుతుంది. అక్కడి నుంచి మీ యాజమాన్యం కంప్యూటర్ తెర మీదికి వస్తుంది. కొలత ప్రమాద స్థాయిని దాటినప్పుడు ఆ తెర మీద ఎర్ర దీపం వెలిగితే వేడి నుంచి కాపాడే పని పూర్తవుతుంది. అయితే సర్వర్‌లో నిలిచేది ఎర్ర దీపం ఒక్కటే కాదు. ప్రతి రెండు గుండె చప్పుళ్ల మధ్య ఎడం ఎంతో తెలిపే అంకెల వరుస కూడా అక్కడ నిలుస్తుంది. ఆ వరుసను నెలల తరబడి పోగుచేసి చూస్తే అలసట, ఆందోళన, జ్వరం, తాగుడు, స్త్రీల విషయంలో గర్భం వంటివాటిని కూడా ఊహించడానికి వీలవుతుంది. వేడి నుంచి కాపాడడానికి కొలిచినది ఇన్ని ఇతర సంగతులు చెప్పగలదు కాబట్టే, ఒకసారి కొలిచిన దాన్ని ఇంకే పనికి వాడుతున్నారన్న ప్రశ్న దగ్గరే చట్టం నిలబడుతుంది.

మన దేశంలో ఈ విషయమై ఇప్పుడు రెండు చట్టాల మధ్య సంధికాలం నడుస్తోంది. 2023 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టానికి 2025 నవంబర్‌లో నియమాలు వెలువడ్డాయి. ఈ చట్టం కింద ఫిర్యాదులు విచారించి జరిమానాలు విధించే డేటా ప్రొటెక్షన్ బోర్డుకు సంబంధించిన భాగాలు వెంటనే అమల్లోకి వచ్చాయి. నోటీసు, సమ్మతి, మన హక్కులు, కంపెనీల బాధ్యతలు వంటి అసలు భాగాలకు 18 నెలల గడువు ఇచ్చారు కాబట్టి అవి 2027 మే నెలలో అమల్లోకి వస్తాయి. అప్పటివరకు సమాచార సాంకేతిక చట్టంలోని 43ఎ సెక్షన్, దాని కింద 2011లో చేసిన నియమాలు కొనసాగుతాయి. పాతవి కదా అని వాటిని తేలిగ్గా తీసుకోవద్దు. మీ వంటి ఉద్యోగికి కొన్ని విషయాల్లో రాబోయే చట్టం కంటే ఆ నియమాలే ఎక్కువ ఉపయోగపడతాయి.

2011 నియమాలు శారీరక, మానసిక ఆరోగ్య స్థితిని, వైద్య రికార్డులను, బయోమెట్రిక్ సమాచారాన్ని సున్నితమైన వ్యక్తిగత సమాచారంగా గుర్తించాయి. గుండె లయ, నిద్ర తీరు ఆ కోవలోకే వస్తాయని గట్టిగా వాదించవచ్చు. నడిచిన అడుగుల లెక్క విషయంలో మాత్రం ఎదుటివాళ్లు అభ్యంతరం చెప్పగలరు. ఇలాంటి సమాచారం తీసుకోవాలంటే కంపెనీ ముందుగా రాతపూర్వక సమ్మతి పొందాలి. తన పనికి సంబంధించిన చట్టబద్ధమైన ప్రయోజనం ఉండాలి. ఆ ప్రయోజనానికి ఈ సమాచారం అవసరమై ఉండాలి. తీసుకున్న ప్రయోజనానికే దాన్ని వాడాలి. అవసరం తీరాక ఉంచుకోకూడదు. ఇచ్చిన సమాచారాన్ని చూసుకునే, తప్పుంటే దిద్దించుకునే అవకాశం అడిగినప్పుడల్లా కల్పించాలి. ఇవ్వనని చెప్పే, ఇచ్చిన సమ్మతిని రాతపూర్వకంగా వెనక్కి తీసుకునే అవకాశం కూడా ఉండాలి. ముందస్తు అనుమతి లేకుండా బయటివాళ్లకు ఇవ్వకూడదు, చట్టం కోరే కొన్ని సందర్భాలు తప్ప. ఫిర్యాదులు చూసే అధికారి, అంటే గ్రీవెన్స్ ఆఫీసర్ పేరును వెబ్‌సైట్‌లో ప్రకటించి, ఫిర్యాదును నెలలోగా పరిష్కరించాలి. మీ సూపర్‌వైజర్ చెప్పిన మాటను వీటి పక్కన పెట్టి చూడండి. వేడి నుంచి రక్షణకో, బీమా రాయితీకో అని చెప్పి తీసుకున్న అంకెలతో షిఫ్ట్ మార్చడం తీసుకున్న ప్రయోజనానికి వాడడం కాదు.

ఇక 2023 చట్టం. దానిలో మంచి ఉంది. అయితే ఉద్యోగుల విషయంలో ఒక పెద్ద లోటు ఉంది, దాన్ని మీకు దాచకుండా చెప్పాలి. ఆ చట్టం ఆరో సెక్షన్ ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, విషయం తెలిసి, షరతులు లేకుండా ఇచ్చినదై ఉండాలి; చెప్పిన ప్రయోజనానికి అవసరమైన డేటాకే అది పరిమితం కావాలి. చట్టంలోనే దీనికి ఒక ఉదాహరణ ఇచ్చారు. ఫోనులో వైద్య సలహా ఇచ్చే యాప్ మీ కాంటాక్ట్ లిస్టు కూడా అడిగి, మీరు రెండింటికీ ఒప్పుకున్నా, కాంటాక్ట్ లిస్టు ఆ సేవకు అవసరం లేదు కాబట్టి ఆ మేరకు మీ సమ్మతి చెల్లదు. మీ నిద్ర లెక్కకు ఇదే తర్కం అతుకుతుంది. అయితే ఏడో సెక్షన్‌లో, ఉద్యోగ ప్రయోజనాల కోసం, లేదా యాజమాన్యాన్ని నష్టం నుంచి, బాధ్యత నుంచి కాపాడుకోవడం కోసం సమ్మతి లేకుండానే డేటాను వాడుకోవచ్చునన్న వెసులుబాటు ఇచ్చారు. దాన్ని ఎంతవరకు సాగదీయవచ్చో కోర్టులు, బోర్డు ఇంకా తేల్చాలి. దీనికి మరొక చిక్కు తోడవుతుంది: డేటా చూపించమని, దిద్దమని, తొలగించమని అడిగే హక్కులను ఆ చట్టం పదకొండు, పన్నెండు సెక్షన్లలో, మనిషి ఇచ్చిన సమ్మతి మీద లేదా ఆ మనిషి తానుగా ఇచ్చిన డేటా మీద నడిచే వ్యవహారాలకే పరిమితం చేసింది. అంటే రేపు మీ యాజమాన్యం "మేం సమ్మతితో కాదు, ఉద్యోగ ప్రయోజనంతో వాడుకుంటున్నాం" అని మాట మారిస్తే, మీ గుండె లెక్కను మీకు చూపించాల్సిన పని తమకు లేదని వాదించగలదు. శ్రమ చేసే మనిషి విషయంలో చట్టం ఇంత వెనక్కి తగ్గడం నాకు బాధగానే ఉంది.

అందుకే మీకు నా మొదటి సలహా, 2027 మే కోసం ఎదురుచూడవద్దు. ఇప్పటి నియమాల కింద మీ చేత సంతకం పెట్టించుకుని సమ్మతి తీసుకున్నారు. ఇప్పుడే ఉత్తరం రాసి, ఏ ఆధారంతో, ఏ ప్రయోజనం కోసం తీసుకున్నారో రాతపూర్వకంగా చెప్పించుకోండి. "సమ్మతితో తీసుకున్నాం" అని ఒకసారి వాళ్ల చేతిరాత పడ్డాక, రేపు మాట మార్చడం కష్టమవుతుంది.

ఆధారం ఏదైనా మీకు పనికొచ్చే మాట ఒకటి కొత్త చట్టంలో ఉంది. ఒక మనిషి మీద ప్రభావం చూపే నిర్ణయానికి వాడబోయే డేటా సంపూర్ణంగా, ఖచ్చితంగా, పొంతన కలిగి ఉండేలా చూసుకోవాలని ఎనిమిదో సెక్షన్ ఆదేశిస్తుంది. చేతి వాచీ నిద్రను నేరుగా కొలవదు. చేతి కదలిక, నాడి వేగం చూసి అంచనా వేస్తుంది. కదలకుండా పడుకుని మేలుకుని ఉన్న మనిషిని నిద్రపోయినట్టు, పసిబిడ్డను ఎత్తుకుని జోకొడుతున్న మనిషిని తిరుగుతున్నట్టు అది లెక్కవేయగలదు. నైట్ షిఫ్ట్ చేసి పగలు పడుకునే వాళ్ల విషయంలో ఆ అంచనాలు మరింత తప్పే అవకాశం ఉంది. రియాక్టర్ దగ్గర నిద్రమత్తు ప్రమాదమే. ఆ మాట యాజమాన్యం అంటే కొట్టిపారేయలేం. అయితే దానికి కంపెనీ డాక్టరు మిమ్మల్ని పరీక్షించాలి, మీ మాట వినాలి. వాచీ అంచనా ఒక్కటే చూసి అలవెన్స్ తీసేయడం సరైన పద్ధతి కాదని మీ ఉత్తరంలో స్పష్టంగా రాయండి.

మీరు సంతకం పెట్టిన ఫారం సంగతికి వస్తే, జీతం ఇచ్చే చేతికి వద్దని చెప్పడం ఎంత కష్టమో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఐరోపాలో ఈ విషయాన్ని సూటిగానే తేల్చారు. 2016లో నెదర్లాండ్స్ డేటా పరిరక్షణ సంస్థ, ఉద్యోగులకు చేతి పట్టీలు ఇచ్చిన రెండు కంపెనీల మీద విచారణ జరిపింది. వాటిలో ఒకదానికి ఉద్యోగుల నిద్ర తీరు కూడా తెలుస్తుండేది. ఉద్యోగులు ఒప్పుకున్నా సరే అది చెల్లదని, ఆర్థికంగా యజమాని మీద ఆధారపడిన మనిషి ఇచ్చే సమ్మతిని స్వేచ్ఛగా ఇచ్చినదిగా చూడలేమని ఆ సంస్థ తేల్చింది. మరుసటి ఏడాది ఐరోపా డేటా సంస్థల ఉమ్మడి వేదిక కూడా పనిచోటు గురించి ఇచ్చిన అభిప్రాయంలో ఇదే వైఖరి తీసుకుంది. ఆ నిర్ణయాలు మన కోర్టులను కట్టిపడేయవు. అయినా మన చట్టం కూడా "స్వేచ్ఛగా" అన్న షరతునే పెట్టింది కాబట్టి, రేపు బోర్డు ముందు ఈ వాదన వినిపించడానికి అవి గట్టి ఆధారం. ఫారం ఇంగ్లీషులో మాత్రమే ఉండడం గురించి కూడా అడగండి. సమ్మతి కోరే పత్రాన్ని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా చదువుకునే అవకాశం ఇవ్వాలని కొత్త చట్టం చెబుతుంది. వాటిలో తెలుగు ఒకటి.

మీ బావమరిది మంచి ఉద్దేశంతోనే చెప్పి ఉంటారు గానీ, ఆయన మాట మీద ఆధారపడవద్దు. అమెరికాలో హిపా అని పిలిచే 1996 నాటి చట్టం ఆసుపత్రులు, డాక్టర్లు, ఆరోగ్య బీమా సంస్థలు, వాళ్ల కోసం పనిచేసే కంపెనీలకు వర్తిస్తుంది. కొట్లో కొన్న వాచీ పోగుచేసే లెక్కలు సాధారణంగా దాని పరిధిలోకి రావు. ఆ ఖాళీని పూడ్చడానికే వాషింగ్టన్ రాష్ట్రం 2023లో ప్రత్యేకంగా మరో చట్టం చేసుకోవాల్సి వచ్చింది. సర్వర్ అక్కడ ఉన్నంత మాత్రాన మీకు అక్కడి రక్షణ రాదు. మన చట్టం అమల్లోకి వచ్చాక, ఇక్కడి మనుషులకు వస్తువులు, సేవలు అందించే విదేశీ కంపెనీకి కూడా అది వర్తిస్తుంది. పైగా, బనియన్ తయారుచేసిన కంపెనీ దగ్గర డేటా పోయినా, మీ యాజమాన్యం "అది వాళ్ల తప్పు" అని తప్పించుకోలేదు. ఎవరి కోసం, ఎవరి నిర్ణయం మీద డేటా తీసుకున్నారో వాళ్లే బాధ్యులని ఎనిమిదో సెక్షన్ చెబుతుంది. డేటా బయటపడితే బాధితులకు ఆలస్యం లేకుండా తెలపాలి, బోర్డుకు 72 గంటల్లో వివరాలు ఇవ్వాలి. భద్రత చూసుకోకపోతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

"మేం పేర్లు చూడడం లేదు, బ్లాకు సగటు మాత్రమే చూస్తున్నాం" అన్న జవాబు మీకు రావచ్చు. మీ సూపర్‌వైజర్ మిమ్మల్ని పేరు పెట్టి పిలిచాడు కాబట్టి మీ విషయంలో ఆ మాట నిలవదు. మిగతావాళ్ల కోసమైనా ఒక సంఘటన గుర్తుపెట్టుకోండి. స్ట్రావా అనే వ్యాయామ యాప్ 2017లో తన వినియోగదారులు పరుగెత్తిన దారులన్నిటినీ పేర్లు లేకుండా కలిపి ఒక ప్రపంచ పటం వేసింది. 2018 జనవరిలో ఆ పటాన్ని పరిశీలించిన వాళ్లకు, ఎడారుల మధ్య సైనిక స్థావరాల ఆకారాలు, వాటి చుట్టూ సైనికులు పరుగెత్తే దారులు స్పష్టంగా కనిపించాయి. కొద్దిమంది మాత్రమే ఉండే చోట పేరు తీసేసినా మనిషి దాగడు. షిఫ్టుకు పదిమంది ఉన్న బ్లాకులో సగటు పెరిగితే, ఎవరివల్ల పెరిగిందో అక్కడ పనిచేసే ప్రతివాడికీ తెలిసిపోతుంది.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని. హెచ్‌ఆర్ విభాగానికి, గ్రీవెన్స్ ఆఫీసర్‌కు ఈమెయిల్ పంపండి, నోటిమాటగా అడగవద్దు. ఇలా రాయవచ్చు: "నాకు ఇచ్చిన బనియన్, వాచీ ద్వారా నా నుంచి ఏయే వివరాలు సేకరిస్తున్నారో, ప్రతి వివరాన్ని ఏ ప్రయోజనం కోసం, ఎవరెవరు చూస్తున్నారో, ఎంతకాలం ఉంచుతారో, బీమా సంస్థతో సహా ఇంకెవరికి ఇచ్చారో రాతపూర్వకంగా తెలపగలరు. 2011 నియమాల ప్రకారం ఇప్పటివరకు సేకరించిన నా వివరాలను నాకు చూపించగలరు. నేను సంతకం చేసిన ఫారం కాపీ ఇవ్వగలరు. షిఫ్ట్ సమయంలో వేడి నుంచి రక్షణ కోసం బనియన్ వాడకానికి నేను సమ్మతిస్తున్నాను. షిఫ్ట్ వెలుపల వాచీ ద్వారా వివరాలు సేకరించడానికి ఇచ్చిన సమ్మతిని ఈ తేదీ నుంచి వెనక్కి తీసుకుంటున్నాను. ఆ వివరాలను నాకు చూపించిన తర్వాత తొలగించగలరు. నా షిఫ్ట్ మార్చిన నిర్ణయాన్ని వైద్య పరీక్ష తర్వాత పునఃపరిశీలించగలరు." మొదట చూపించమని అడిగి, ఆ తర్వాతే తొలగించమనండి. తొలగించేస్తే, నిద్ర లెక్క చూసే షిఫ్ట్ మార్చారనడానికి మీ దగ్గర ఆధారం మిగలదు. సెన్సార్ కొలిచినది మీరు ఇచ్చిన సమాచారం కిందికి రాదని వాళ్లు అనవచ్చు. ఆ అభ్యంతరాన్ని కూడా రాసి ఇమ్మనండి.

సమ్మతి వెనక్కి తీసుకుంటే బీమా రాయితీ పోవచ్చు. ఆ మేరకు నియమాలు కంపెనీకి అవకాశం ఇస్తున్నాయి, అది మీరు తూచుకోవాల్సిన విషయం. నా వరకు, ఆ రాయితీ కోసం రాత్రి నిద్రను తాకట్టు పెట్టవద్దనే చెబుతాను.

ఉత్తరం ఒంటరిగా రాస్తే మీ ఒక్కరి మీదే కన్ను పడుతుందన్న భయం సహజం. మీ యూనియన్ ద్వారానో, కర్మాగారంలో సేఫ్టీ కమిటీ ఉంటే అందులోని కార్మిక ప్రతినిధుల ద్వారానో, బ్లాకులో అందరి తరఫున అడిగించండి. షిఫ్ట్ సమయంలో కొలిచినది షిఫ్ట్ ముగిశాక ఎన్ని గంటల్లో చెరిపేయాలి, సూపర్‌వైజర్ తెర మీద అంకెలు కాకుండా ప్రమాద సూచన మాత్రమే కనిపించాలా, అంకెలు డాక్టరుకు మాత్రమే కనిపించాలా అన్నవి కూర్చుని మాట్లాడి రాసుకోదగ్గ విషయాలు. కాంట్రాక్టర్ కింద పనిచేసే వాళ్లను ఈ చర్చలో తప్పకుండా కలుపుకోండి. సాధారణంగా వాళ్ల సంతకాలు మరింత తేలిగ్గా తీసుకుంటారు.

నెలలోగా జవాబు రాకపోతే, భద్రతలో నిర్లక్ష్యం వల్ల మీకు నష్టం జరిగిందని చూపగలిగితే, 43ఎ కింద పరిహారం కోరుతూ రాష్ట్ర ఐటీ కార్యదర్శి ముందు దరఖాస్తు చేయవచ్చు. సమాచార సాంకేతిక చట్టం కింద తీర్పు చెప్పే అధికారి ఆయనే. ఆ దారి నిడివైనది, నష్టాన్ని రుజువు చేయడం తేలిక కాదు. షిఫ్ట్ మార్పు విషయం కార్మిక శాఖ ముందు పెట్టడమే మీకు త్వరగా ఫలితం ఇవ్వవచ్చు. 2027 మే తర్వాత, కంపెనీ 90 రోజుల్లోగా మీ ఫిర్యాదు తేల్చకపోతే డేటా ప్రొటెక్షన్ బోర్డును ఆశ్రయించవచ్చు. అయితే బోర్డు విధించే జరిమానా ప్రభుత్వ ఖజానాకే వెళుతుంది, అందులో మీకు రూపాయి రాదు; 43ఎ కూడా అప్పటికి రద్దవుతుంది. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా చెప్పింది కదా, నేరుగా హైకోర్టుకు వెళ్లలేమా అని మీకు అనిపించవచ్చు. ప్రభుత్వ రంగ సంస్థలో పనిచేసేవాళ్లకు ఆ దారి తెరిచే ఉంది. మీది ప్రైవేటు కంపెనీ కాబట్టి ముందు పైన చెప్పిన దారులే ప్రయత్నించండి.

మీ అమ్మాయి వాచీ విషయంలో, పద్దెనిమిదేళ్లు నిండని వాళ్లందరినీ కొత్త చట్టం పిల్లలుగానే చూస్తుంది. తల్లిదండ్రుల సమ్మతిని నిర్ధారించుకోకుండా వాళ్ల డేటా తీసుకోకూడదు, వాళ్ల ప్రవర్తనను వెంటాడకూడదు, వాళ్లకు గురిపెట్టి ప్రకటనలు చూపకూడదు. చట్టం మినహాయించిన కొన్ని సందర్భాలు తప్ప. అది అమల్లోకి వచ్చేదాకా ఆ పని మీరే చేయాలి. అమ్మాయి పుట్టిన తేదీని సరిగ్గా ఇచ్చి ఖాతా తెరవండి. వయసు ఎక్కువ వేస్తే ఆ రక్షణ తనకు అందకుండా పోతుంది. ఫోను సెట్టింగుల్లో ఆ యాప్‌కు కాంటాక్టులు, మైక్ అనుమతులు తీసేయండి, లొకేషన్ అవసరమైనప్పుడే ఇవ్వండి, స్నేహితులతో పంచుకునే భాగాన్ని ఆపేయండి. వాచీ మార్చినా, ఎవరికైనా ఇచ్చినా, ఫోనులోంచి యాప్ తీసేస్తే సరిపోదు. సర్వర్‌లోని లెక్కలు అలాగే ఉంటాయి. యాప్ లోపల ఖాతాను తొలగించే చోటుకు వెళ్లి, అక్కడ నుంచి తొలగించి, అలా తొలగించినట్టు వచ్చే ఈమెయిల్‌ను దాచుకోండి. కంపెనీ వాచీని మీరు తిరిగి ఇచ్చే రోజున కూడా ఇదే చేయండి, అప్పగించినట్టు రసీదు తీసుకోండి.